వైరస్ వదిలాక

1918లో ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కలు కొన్నింటిని వాషింగ్టన్‌లోని సైనిక వైద్య సంస్థ మైనపు దిమ్మెల్లో భద్రపరిచింది. ఒక్కో ముక్క గోరంత. ఆ మనుషుల పిల్లలు పెద్దవాళ్లై, ముసలివాళ్లై, కాలం చేసినా ఆ ముక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. 2008లో డేవిడ్ మోరెన్స్, జెఫ్రీ టాబెన్‌బర్గర్, ఆంథొనీ ఫౌచీ అనే ముగ్గురు పరిశోధకులు 58 మంది తాలూకు ముక్కల్ని మళ్లీ సూక్ష్మదర్శిని కిందికి తెచ్చారు. శ్వాసనాళాల లోపలి పొరను వైరస్ ఒలిచేసిన ఆనవాళ్లు కనిపించాయి. కొందరిలో ఆ పొర తిరిగి చిగురించడం మొదలైన ఆనవాళ్లు కూడా కనిపించాయి. వైరస్‌ను తట్టుకుని, పాడైన చోటును బాగుచేసుకునే పనిలో పడ్డ ఊపిరితిత్తులవి. వాటి నిండా బ్యాక్టీరియా ఉంది.

ఆ ముగ్గురూ అంతటితో ఆగలేదు. ఆ రోజుల్లో వైద్యులు రాసిపెట్టిన 8,398 శవపరీక్షల వివరాలు తిరగేశారు. అక్కడా అదే కథ. ఆ మహమ్మారిలో పోయినవాళ్లలో అత్యధికుల ప్రాణం తీసింది వైరస్ వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. అవేమీ కొత్త క్రిములు కావు. న్యుమోకాకస్, స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్. మామూలు రోజుల్లో మన ముక్కులోనో గొంతులోనో ఏ హానీ చేయకుండా కాపురముండేవే.

మన దేశంలో ఆ జబ్బు 1918 వేసవిలో బొంబాయి రేవులో దిగి, రైలు పట్టాల వెంట లోపలికి పాకింది. ఇక్కడ పోయినవాళ్లు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. దహనానికి కట్టెలు చాలక నదుల్లో వదిలేసిన శవాల గురించి నాటి సర్కారు నివేదికలే చెబుతాయి. వాళ్ల ఊపిరితిత్తుల్ని ఎవరూ మైనంలో దాచలేదు. దాచి ఉంటే వాటిలోనూ ఇవే క్రిములు కనిపించేవని నా నమ్మకం.

మన శ్వాసనాళాల లోపలి గోడ మీద సన్నని నూగు ఉంటుంది. అది నిమిషానికి వందలసార్లు కదులుతూ దుమ్మునూ కఫాన్నీ క్రిముల్నీ గొంతు వైపు ఎగదోస్తుంది. మనకు తెలియకుండానే వాటిని మింగేస్తుంటాం. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ముందుగా చంపేది ఆ నూగున్న కణాల్నే. నూగు రాలిన చోట గోడ బోసిపోయి, బ్యాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. గాలితిత్తుల్లో కాపలా తిరిగే మాక్రోఫేజ్ కణాలు నీరసిస్తాయి. వైరస్‌ను అణచడానికి ఒళ్లు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్లే బ్యాక్టీరియాను ఎదుర్కొనే శక్తిని కొన్నాళ్లు తగ్గిస్తాయి. జ్వరం తగ్గుముఖం పట్టి, మంచం మీద లేచి కూర్చుని నాలుగు మెతుకులు తిన్న మనిషికి మళ్లీ చలిజ్వరం రావడం, కఫంలో నెత్తురు పడటం, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం 1918లో చాలా ఇళ్లలో జరిగింది ఇందువల్లే.

1918లో పోయినవాళ్ల కాలానికి మందు ఇంకా పుట్టలేదు. నూరేళ్ల తర్వాత కోవిడ్ ఐసీయూల్లో ఇలాగే పోయినవాళ్ల విషయం వేరు. వాళ్ల కాలానికి మందు పుట్టి, పెరిగి, లోకాన్నేలి, చేతికి అందకుండా పోయింది కూడా. నేను చెప్పబోయేది ఆ మందు పతనం గురించి.

మందు పుట్టిన చోటే దాని చావు కూడా పుట్టింది. లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో బూజులో పెన్సిలిన్‌ను గమనించాడు. దాన్ని మందుగా మలిచింది ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ బృందం. 1940 డిసెంబరులో చెయిన్, ఎడ్వర్డ్ అబ్రహాం కలిసి ఒక చిన్న వ్యాసం అచ్చువేశారు. కొన్ని బ్యాక్టీరియాల దగ్గర పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ఉందని అందులో రాశారు. అప్పటికి ఆ బృందం పెన్సిలిన్‌తో ఒక్క రోగికి కూడా వైద్యం చేయలేదు.

1941 ఫిబ్రవరి 12న వైద్యం కోసం తమ మొదటి రోగికి ఇచ్చారు. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే 43 ఏళ్ల పోలీసు కానిస్టేబుల్. ముఖమంతా చీముపట్టి, ఒక కన్ను తీసేయాల్సి వచ్చి, ఊపిరితిత్తులకు కూడా పాకి ఆశ వదులుకున్న మనిషి. ఇంజెక్షన్ పడ్డ మర్నాటికే జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. కానీ లోకంలో ఉన్న పెన్సిలిన్ అంతా కలిపినా ఆ ఒక్కడికీ చాలదు. ఆయన మూత్రాన్ని సీసాల్లో పట్టి, సైకిళ్ల మీద లేబొరేటరీకి చేర్చి, అందులో మిగిలిన మందును వడగట్టి మళ్లీ ఆయనకే ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చి 15న అలెగ్జాండర్ చనిపోయాడు. మందు పనిచేయక పోలేదు, చాలక పోయాడు. ఆ చుక్కల కోసం అంత తాపత్రయపడ్డ లోకమే ఇరవై ఏళ్లు తిరక్కుండా దాన్ని టన్నుల లెక్కన పశువుల దాణాలో కలిపింది.

అది చెప్పాలంటే మన భీమవరం వాడి దగ్గరకు రావాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోతుంటే చూసినవాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీలో చేరి అక్కడి పరిశోధనలకు పెద్ద దిక్కయ్యారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన, మిస్సోరి రాష్ట్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు మందునిచ్చే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది పెద్దది. పెన్సిలిన్ ముట్టని క్రిముల్ని కూడా అణచింది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. యాభై మూడేళ్లు.

తర్వాత జరిగింది ఆయన చూడలేదు. చూడకపోవడమే నయమనిపిస్తుంది నాకు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని ఆ కంపెనీలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు మేపి చూశారు. పిల్లలు మామూలు కన్నా త్వరగా బరువెక్కాయి. 1950లో ఆ సంగతి బయటకు రాగానే కోళ్లకు, పందులకు, దూడలకు జబ్బు ఉన్నా లేకున్నా రోజూ కొంచెం కొంచెం మందు మేపడం మొదలైంది. కొంచెం కొంచెం అన్నదే ప్రాణాంతకమైంది. ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు, చాలీచాలని మోతాదు క్రిమిని చంపదు, మందును తట్టుకోవడం నేర్పుతుందని. నోబెల్ వేదిక మీద అన్న మాటను అందరూ విన్నారు, ఎవరూ ఆగలేదు.

1957లో ఆసియా ఫ్లూ వచ్చేసరికే మొదటి దెబ్బ తగిలింది. ఆ ఏడాది ఆస్పత్రుల్లో ఫ్లూ రోగుల వెంటపడ్డ స్టెఫైలోకాకస్‌లో చాలా భాగం పెన్సిలిన్‌కు లొంగలేదు. వెంటనే మెథిసిలిన్ తెచ్చారు. 1961 కల్లా దాన్నీ తట్టుకున్న స్టెఫైలోకాకస్ ఇంగ్లండులో కనబడింది. ఆ తర్వాత సెఫలోస్పోరిన్లు, ఫ్లోరోక్వినోలోన్లు, 1980ల్లో కార్బాపెనెమ్‌లు. కొత్త మందు రావడం, కొన్నేళ్లు ఏలడం, కూలడం. ప్రతిసారీ ఇంకోటి వస్తుందిలే అనే ధీమా. 2009లో హెచ్1ఎన్1 వచ్చినప్పుడు అమెరికాలో పోయిన 77 మంది ఊపిరితిత్తుల్ని పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా దొరికింది. పాత శత్రువు ఎక్కడికీ పోలేదు. ఈలోగా దాని చుట్టాలు ఎక్కువయ్యారు.

ఆ చుట్టాల్లో ముఖ్యమైనది క్లెబ్సియెల్లా న్యుమోనియే. మన పేగుల్లో ఉండే క్రిమి. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర దొరికిన క్లెబ్సియెల్లా మీద కార్బాపెనెమ్‌లు పనిచేయలేదు. ఆయన భారతీయ మూలాలున్నవాడు, అంతకుముందు ఢిల్లీలో ఆస్పత్రిలో ఉండి వెళ్లాడు. ఆ మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్‌కు ఎన్‌డీఎం-1 అని, అంటే మన రాజధాని పేరే పెట్టారు. మన దగ్గర పెద్ద గొడవైంది. వైద్యం కోసం విదేశాల నుంచి వచ్చేవాళ్లను భయపెట్టే కుట్ర అన్నారు. పేరు గురించి పడ్డ రోషంలో సగం జబ్బు గురించి పడి ఉంటే బాగుండేది. 2010లో ఢిల్లీలో పట్టిన 50 కుళాయి నీళ్ల నమూనాల్లో రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 నీటి నమూనాల్లో 51 వాటిలో ఆ జన్యువు బయటపడింది. అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది కాబట్టి ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి, ఒక జాతి నుంచి ఇంకో జాతికి సులువుగా మారిపోతుంది.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. లోకానికి చౌకగా మందులిచ్చిన ఊరు హైదరాబాదు. 1960ల్లో ఐడీపీఎల్ వచ్చింది, అక్కడ పని నేర్చినవాళ్లు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, ఎన్నో పేద దేశాల రోగులు మన బల్క్ డ్రగ్స్ వల్ల బతికారు. అది గర్వించాల్సిన విషయమే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర తొంభై దాకా మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి బయటకు వదిలే నీళ్ల మీద చేసిన పరీక్షల ఫలితాలు అచ్చువేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. సిప్రో బిళ్ల మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. వాగుల్లోని బ్యాక్టీరియాకు రాత్రింబవళ్లు మందు అందింది. బతికి బట్టకట్టినవి మందును తట్టుకునేవే. ఆ వాగుల పక్కన పొలాలున్న రైతులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

ఇంత జరిగాక కోవిడ్ వచ్చింది.

ఒక మాట ముందే ఒప్పుకోవాలి. కోవిడ్‌తో ఆస్పత్రికి వచ్చేనాటికి బ్యాక్టీరియా ఉన్నవాళ్లు చాలా తక్కువ. మొదటి ఏడాది వచ్చిన పరిశోధనలన్నీ కూడితే నూటికి మూడు నాలుగు. యాంటీబయాటిక్స్ పడ్డది నూటికి డెబ్బై మందికి. 2020 జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆ నాలుగు నెలల్లో, మన దేశంలో మామూలు కన్నా 21 కోట్ల డోసులు ఎక్కువగా యాంటీబయాటిక్స్ అమ్ముడయ్యాయని ఒక అంచనా. వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీల్లో పారాసెటమాల్ తర్వాత ఉండే పేరు అజిత్రోమైసిన్. వైరస్ మీద అది పనిచేయదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షల్లో తేలింది. తేలాక కూడా మెడికల్ షాపులో అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చారు. అజిత్రోమైసిన్ క్లెబ్సియెల్లాకు వాడే మందు కాదు, ఐసీయూ చావులన్నీ దాని మీదికి తోయడం న్యాయం కాదు. అయితే ఐసీయూల్లో కూడా ఇదే పద్ధతి నడిచింది. వెంటిలేటర్ పెట్టిన రోజే మెరోపెనెమ్ అనే కార్బాపెనెమ్, గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, కల్చర్ రిపోర్టు రాకముందే, ఎందుకైనా మంచిదని. వైద్యుల భయానికి కారణం లేకపోలేదు. చుట్టూ మనుషులు అలా పోతుంటే చేతులు కట్టుకుని రిపోర్టు కోసం కూర్చోవడం మాటలు కాదు. నేను వాళ్లను తప్పుపట్టలేను. కానీ మెరోపెనెమ్‌కు లొంగే క్రిములన్నీ పోయి, లొంగనిది ఒక్కటే మిగిలింది ఆ భయం వల్లే.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ ఐసీయూల్లో ఒకే కథ మళ్లీ మళ్లీ జరిగింది. యాభై ఏళ్ల మనిషి అనుకుందాం, షుగరు ఉన్నవాడు. నోట్లోంచి గొంతు దాటి శ్వాసనాళంలోకి ట్యూబు వేశారు. ఆ ట్యూబు చివర చిన్న గాలి బుడగ ఉంటుంది, కఫ్ అంటారు. కింద గాలి లీకు కాకుండా అది నాళాన్ని బిగించి పట్టుకుంటుంది. మత్తులో ఉన్న మనిషి దగ్గలేడు, మింగలేడు. నోట్లో ఊరిన లాలాజలం ఆ బుడగ పైన మడుగు కడుతుంది. బుడగ ముడతల సందుల్లోంచి చుక్క చుక్క కిందికి దిగుతుంది. ట్యూబు లోపలి గోడకు రెండు మూడు రోజుల్లోనే జిగురుపొర పడుతుంది. ఆ పొరలో బ్యాక్టీరియా గుంపులుగా కాపురం పెడుతుంది, మందు అక్కడిదాకా సరిగా చేరదు. సక్షన్ చేసినప్పుడల్లా ఆ పొర పెళ్లలు కొన్ని ఊడి లోపలికి పడతాయి.

దానికి తోడు ఆయనకు డెక్సామెథాసోన్ ఇస్తున్నారు. ఆ మందును నిందించలేం. రోజుకు ఆరు మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గుతాయని 2020 జూన్‌లో రికవరీ అనే బ్రిటిష్ పరీక్ష రుజువు చేసింది. కోవిడ్‌లో ప్రాణాలు నిలబెట్టిన మందుల్లో అదే ముందుంటుంది. కానీ అది వైరస్ మీద రేగిన మంటతో పాటు బ్యాక్టీరియాను ఆపే శక్తినీ చల్లార్చుతుంది. మన దగ్గర ఆరుకు బదులు ఎన్నో రెట్లు ఇచ్చారు, పది రోజులకు బదులు వారాలు ఇచ్చారు. బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడే ఆ అతి వాడకం గురించి అందరూ మాట్లాడారు. అదే సమయంలో అదే కారణంతో వచ్చిన బ్యాక్టీరియా గురించి పేపర్లలో పెద్దగా రాలేదు. దానికి భయపెట్టే రంగూ లేదు, పేరూ లేదు.

వార్డు సంగతీ చెప్పాలి. పదిమందికి చాలే చోట ముప్పై మంది. పీపీఈ కిట్‌లో ఆరేసి గంటలు, ఉక్కపోతలో, నీళ్లు తాగే వీలు లేకుండా నిలబడ్డ నర్సమ్మలు. రెండు జతల గ్లవ్స్ వాళ్లను వైరస్ నుంచి కాపాడాయి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోయేటప్పుడు పై జత మార్చాలి. మార్చే తీరిక ఎక్కడిది? అసినెటోబాక్టర్ అనే క్రిమి మంచం కమ్మీ మీద, మానిటర్ బటన్ల మీద, తడి లేకుండా కూడా వారాల తరబడి బతుకుతుంది.

ఎనిమిదో రోజుకు ఆ యాభై ఏళ్ల మనిషికి ఆక్సిజన్ అవసరం తగ్గింది. పదో రోజు ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్. ఇంటివాళ్లు దేవుడికి దండం పెట్టుకున్నారు. పన్నెండో రోజు రాత్రి జ్వరం తిరగబెట్టింది. సక్షన్‌లో వచ్చే కఫం చిక్కబడి పచ్చగా మారింది. ఎక్స్‌రేలో కుడివైపు కొత్త మచ్చ. తెల్లారేసరికి బీపీ పడిపోయి నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టారు. “మొన్ననే నెగెటివ్ వచ్చిందన్నారు కదండీ?” అని ఆయన భార్య ఫోన్లో అడిగితే, “కోవిడ్ తగ్గిందమ్మా, ఇన్ఫెక్షన్ వచ్చింది” అని డాక్టరు చెప్పారు. ఇన్ఫెక్షన్ అంటే ఏమిటో, ఇంతదాకా ఉన్నది మరేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆ కఫం మైక్రోబయాలజీ ల్యాబ్‌కు చేరింది. మర్నాడు ప్లేటు మీద గులాబి రంగులో, జిగటగా, ఉబ్బెత్తుగా క్లెబ్సియెల్లా పెరిగింది. దాన్ని తీసి, లేత గంజి రంగు అగర్ పోసిన ఇంకో ప్లేటు అంతటా పూశారు. దాని మీద ముగ్గు చుక్కల్లా వరసగా చిన్న తెల్ల కాగితపు బిళ్లలు పెట్టారు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు, పైన దాని పేరు పొడి అక్షరాల్లో. ప్లేటును రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. టెక్నీషియన్ స్కేలు పెట్టి ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ ఉదయం కొలవడానికేం లేదు. సెఫ్ట్రియాక్సోన్, పిపరాసిలిన్, అమికాసిన్, సిప్రో, మెరోపెనెమ్, ఏ బిళ్ల చూసినా అంచు దాకా, అంచును తాకుతూ, క్రిమి ఒత్తుగా పెరిగి ఉంది. రిపోర్టులో పై నుంచి కింది దాకా ఆర్ అనే అక్షరమే. రెసిస్టెంట్. పెన్సిలిన్ నుంచి ఎనభై ఏళ్లపాటు కూడబెట్టిన వైద్యం అరచేయంత ప్లేటు మీద ఒక్క రాత్రిలో తేలిపోయింది.

రిపోర్టులో అట్టడుగున కొలిస్టిన్ ఉంటుంది. 1940ల చివర్లో జపాన్‌లో మట్టి బ్యాక్టీరియా నుంచి తీసిన మందు. కిడ్నీల్ని దెబ్బతీస్తుందని, అంతకన్నా మంచివి వచ్చాయని 1970ల్లో దాన్ని దాదాపు మూలన పడేశారు. మంచివన్నీ కూలిపోయాక మళ్లీ దుమ్ము దులిపి తెచ్చుకున్నారు. మొదటి డోసు 90 లక్షల యూనిట్లు. ఒకవైపు మందు ఎక్కిస్తూ, ఇంకోవైపు రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ, క్రిమి ముందు పోతుందో కిడ్నీలు ముందు పోతాయో తెలియని వైద్యం. అలాంటి మందును కూడా మనం కోళ్ల దాణాలో కలిపాం. 2015లో చైనాలో పందుల్లో, కోడిమాంసంలో, మనుషుల్లో కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఉన్నట్టు బయటపడింది. అదీ ప్లాస్మిడ్ మీదే. మన దేశం కొలిస్టిన్‌ను దాణాలో నిషేధించింది 2019 జులైలో.

ఆ మరుసటి ఏడాదే, కోవిడ్ వచ్చిన 2020లోనే, ఏ మందు ఎంత పనిచేస్తుందో కొలతలు నిర్ణయించే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ తన పట్టికలో ఒక మార్పు చేసింది. ఈ రకం క్రిముల విషయంలో కొలిస్టిన్‌కు ఎస్, అంటే లొంగుతుంది అనే గడి తీసేసింది. ఇక మిగిలినవి ఐ, అంటే మధ్యస్థం, ఇంకా ఆర్ మాత్రమే. లొంగుతుందని ఏ ల్యాబూ ఆ మందు పేరు పక్కన ఇక రాయకూడదు. రోగికి మేలు జరుగుతుందని భరోసాగా చెప్పే ఆధారం లేదు కాబట్టే తీసేశారు. ఇంకేమీ లేక ఇస్తున్న మందు గురించి శాస్త్రం చెప్పగలిగిన నిజం అంతే.

2020 జూన్ నుంచి ఆగస్టు దాకా దేశంలో పది ఆస్పత్రుల్లో చేరిన 17,534 మంది కోవిడ్ రోగుల వివరాలను ఐసీఎంఆర్ పరిశోధకులు లెక్కగట్టారు. అందులో తర్వాత బ్యాక్టీరియానో ఫంగసో సోకినవాళ్లు నూటికి 3.6 మంది. తక్కువే కదా అనిపిస్తుంది. మొత్తం రోగుల్లో పోయినవాళ్లు నూటికి 10.6 మంది అయితే, ఇలా సోకినవాళ్లలో పోయింది నూటికి 56.7 మంది. అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది క్లెబ్సియెల్లా, తర్వాత అసినెటోబాక్టర్. 1918లో ముక్కులో ఉండే న్యుమోకాకస్ చంపింది. ఇప్పుడు చంపింది ఎక్కువగా ఆస్పత్రిలోనే అంటుకున్న క్రిములు. బతికించడానికి తీసుకెళ్లిన చోటే అవి కాచుకుని ఉన్నాయి.

కొత్త మందులు లేవా అంటే ఉన్నాయి, కొన్ని. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనేది కొన్ని దేశాల క్లెబ్సియెల్లా మీద బాగా పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్న ఎన్‌డీఎం ఎంజైమ్ ముందు అది ఒంటరిగా నిలవదు. అజ్ట్రియోనామ్ అనే పాత మందును జోడించి ఇస్తున్నారు. చాలామంది దక్కుతున్నారు కూడా. రోజుకు వేల రూపాయలు పెట్టగలిగిన ఇంట్లో అయితే. అమెరికాలో అకాయోజెన్ అనే చిన్న కంపెనీ ఏళ్లు కష్టపడి ప్లాజోమైసిన్ అనే మందుకు 2018 జూన్‌లో అనుమతి తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ను ఆఖరి అస్త్రంగా దాచుకోవాలి, దాచుకునే సరుకు మీద కంపెనీకి లాభం రాదు. షుగరు బిళ్ల జీవితాంతం అమ్ముకోవచ్చు, యాంటీబయాటిక్ అమ్మేది పది రోజులకే. ఈ చిక్కు తెలియనివాళ్లు ఆ రంగంలో లేరు. అయినా పెద్ద కంపెనీలు ఒకదాని వెనక ఒకటి తప్పుకున్నాయి.

ఆ యాభై ఏళ్ల మనిషి పదహారో రోజు పోయాడు. మరణ ధ్రువీకరణ పత్రంలో మొదటి వరసలో సెప్టిక్ షాక్, కింద న్యుమోనియా, మూలకారణం కోవిడ్ అని రాశారు. నిబంధన ప్రకారం అది సరైనదే, కోవిడ్ రాకపోతే ఆయన ఆ మంచం ఎక్కేవాడే కాదు. ఆ కాగితంతో కుటుంబానికి ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన 50 వేల రూపాయలు వచ్చాయి. క్లెబ్సియెల్లా అనే పేరు ఆ పత్రంలో రాయలేదు, అది ఏ మందులకు లొంగలేదో కూడా రాయలేదు. 2019లో మన దేశంలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా పోయినవారు 2 లక్షల 97 వేల మంది, దాని ప్రమేయంతో పోయినవారు 10 లక్షలకు పైన అని అంతర్జాతీయ పరిశోధకులు చెబుతున్నారు. అవి గణిత నమూనాలతో వేసిన అంచనాలు. లెక్కబెట్టి చెప్పాలంటే ఆ పత్రాల్లో క్రిమి పేరు ఉండాలి. ల్యాబ్ రిపోర్టులో ఉన్న ఆ పేరును మరణ పత్రంలోకి ఎక్కించడానికి పట్టేది ఒక్క నిమిషం. దానికి కావాల్సిన వరస ఆ ఫారంలో ఇప్పటికే ఉంది.